ఎండోస్కోపీ ‘నార్మల్’ అన్నా ముద్ద ఎందుకు దిగదు?

మన ఇళ్ళలో గొంతు నుంచి బొడ్డు దాకా ఏ బాధ వచ్చినా దానికి ‘గ్యాస్’ అని ఒకే పేరు పెట్టడం అలవాటైపోయింది. ఛాతీలో మంట అయినా, పుల్లని త్రేన్పులైనా, రెండు ముద్దలకే కడుపు నిండిపోయినట్టు ఉన్నా, తిన్నది గొంతుకు అడ్డం పడ్డట్టు అనిపించినా, పరగడుపున ఒక గ్యాస్ మాత్ర వేసుకోమనే సలహా మందుల షాపు దాకా పోకుండానే దొరుకుతుంది. చాలామందికి ఆ మాత్రతో నిజంగానే నెమ్మదిస్తుంది, ఎందుకంటే వారి బాధకు మూలం కడుపులోని ఆమ్లమో, హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియానో, వేళాపాళా లేని తిండో అయి ఉంటుంది. నెమ్మదించని కొద్దిమంది సంగతే ఈ వ్యాసం.

వీరిలో కొందరికి శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే సొంత కణాలను పరాయివిగా ఎంచి దెబ్బతీస్తుంది. వీటినే ఆటోఇమ్యూన్ వ్యాధులు అంటున్నాం. మరికొందరికి అరుదుగా కనిపించే, కారణం పూర్తిగా తేలని రుగ్మతలు ఉంటాయి. రెండు రకాలకూ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. నోటిలోంచి గొట్టం దింపి ఎండోస్కోపీ చేస్తే, ముఖ్యంగా తొలి దశలో, చాలాసార్లు అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రిపోర్టులో ‘నార్మల్’ అని చూసుకున్న రోగి ఊపిరి పీల్చుకుంటాడు, ఇంట్లోవాళ్ళు ‘ఏమీ లేదన్నారుగా, అంతా నీ మనసులోనే ఉంది’ అంటారు, బాధ మాత్రం అలాగే ఉంటుంది. కెమెరా చూసేది లోపలి పొర రంగును, నునుపును, పుండ్లను, గడ్డలను. అన్నవాహిక గోడలోని నాడీకణాలు బతికి ఉన్నాయో లేదో, దాని కింది ద్వారం సమయానికి తెరుచుకుంటుందో లేదో, పొరలో ఏ కణాలు వచ్చి చేరాయో దానికి తెలియదు. ఈ ఒక్క విషయం స్పష్టమైతే ఈ వ్యాధుల చిక్కుముడి సగం విడిపోతుంది.

ముందుగా ఒక ముద్ద ఎలా దిగుతుందో చూద్దాం. అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న కండరపు గొట్టం. మనం మింగగానే పైనుంచి కిందికి ఒక అల బయలుదేరి ముద్దను నెట్టుకుంటూ పోతుంది. మామూలు వేళల్లో బిగిసి మూసుకుని ఉండే కింది ద్వారం, ఆ అల తన దాకా రాకముందే, మింగిన క్షణంలోనే సడలి దారి ఇస్తుంది. ఈ సడలింపు దానంతట అది జరిగేది కాదు. గోడలో రెండు కండరపు పొరల నడుమ అల్లుకున్న నాడీజాలంలో బిగించే నాడీకణాలు వేరు, సడలించే నాడీకణాలు వేరు. సడలించే కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసినప్పుడే ద్వారం తెరుచుకుంటుంది. ఆ కణాలు మాత్రమే నశించిపోతే బిగించేవాటికి అడ్డు ఉండదు, ద్వారం మూసుకున్నది మూసుకున్నట్టే ఉండిపోతుంది, పైన గొట్టంలో అల కూడా చెదిరిపోతుంది. ఆ స్థితి పేరే అకలేసియా. గ్రీకులో ‘సడలకపోవడం’ అని అర్థం.

లక్ష మందిలో ఏడాదికి సుమారు ఒకరికి కొత్తగా వచ్చే వ్యాధి ఇది. రోగుల అన్నవాహిక గోడను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు నాడీకణాల చుట్టూ లింఫోసైట్లు అనే తెల్లకణాలు మూగి ఉంటాయి. కొందరి రక్తంలో నాడీకణాలపై పనిచేసే యాంటీబాడీలు కనిపిస్తాయి. రోగనిరోధక వ్యవస్థ ‘ఇది నాది, ఇది పరాయిది’ అని గుర్తుపట్టడానికి తోడ్పడే కొన్ని జన్యువుల రకాలు వీరిలో ఎక్కువగా ఉంటాయి. అందువల్ల, జన్యుపరంగా అనువైనవారిలో ఏదో ఒక వైరస్ రేపిన రోగనిరోధక ప్రతిచర్య ఆగవలసిన చోట ఆగక నాడీకణాలను తినేస్తుందని ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు. అది బలమైన అనుమానమే కాని తిరుగులేని రుజువు కాదు.

అకలేసియా ఉన్న మనిషి భోజనం చేసే తీరు ఒక్కసారి పరిశీలనగా చూస్తే మళ్ళీ మరచిపోలేం. ప్రతి ముద్దకూ గుక్కెడు నీళ్ళు తాగుతారు. నాలుగు ముద్దల తరువాత లేచి నిలబడి, వెన్ను నిటారుగా చేసి, మెడ వెనక్కి వాల్చి, బలంగా గాలి మింగి లోపలున్నదాన్ని కిందికి దింపడానికి ప్రయత్నిస్తారు. అందరూ చేతులు కడుక్కున్నాక కూడా వారు పళ్ళెం ముందే ఉంటారు. పెళ్ళి పంక్తిలో కూర్చోవలసి వస్తుందని ‘ఇంటి దగ్గర తినే వచ్చాం’ అని తప్పించుకుంటారు. రాత్రి పడుకున్నాక తిన్న మెతుకులు మెతుకులుగానే దిండు మీదికి వస్తాయి. ఇక్కడ డాక్టరు అడగవలసిన, రోగి తనంతట తాను చెప్పవలసిన సంగతి ఒకటుంది: వెనక్కి వచ్చిన ఆ అన్నం పులుపుగా ఉందా, లేదా? కడుపులోకి దిగి తిరిగి వచ్చినదైతే ఆమ్లంతో కలిసి పుల్లగా, చేదుగా ఉంటుంది. అకలేసియాలో అది కడుపు ముఖమే చూడలేదు కాబట్టి చాలావరకు తిన్నప్పటి రుచితోనే వస్తుంది. మరో ఆనవాలు, గట్టి పదార్థాలతో పాటు నీళ్ళు, మజ్జిగ కూడా అడ్డం పడటం. గడ్డ పెరిగి దారి ఇరుకైనప్పుడు మొదట గట్టివి, ఆ తరువాత మెత్తనివి, చివరికి ద్రవాలు ఆగుతాయి. అకలేసియాలో తొలినుంచే రెండూ ఆగుతాయి.

మరి ఇంత స్పష్టమైన వ్యాధి ఏళ్ళ తరబడి గ్యాస్‌గా ఎలా చలామణీ అవుతుంది? నిలిచిపోయిన తిండి అన్నవాహికలోనే పులిసి మంట పుట్టిస్తుంది కాబట్టి. రాత్రిళ్ళు పొలమారి వచ్చే దగ్గు ఆస్తమాగా లెక్కలోకి పోతుంది, చిక్కిపోవడం దిగులు ఖాతాలో పడుతుంది. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే బేరియం ద్రావణం తాగించి చిత్రం తీస్తే గొట్టం పైన సంచిలా ఉబ్బి, కింద పక్షి ముక్కులా సన్నగా ముగిసిన బొమ్మ కనిపిస్తుంది. నిర్ధారణకు ప్రామాణికమైనది మానోమెట్రీ. ముక్కు ద్వారా సన్నని గొట్టం దింపి, పడుకోబెట్టి, ఐదేసి మిల్లీలీటర్ల నీళ్ళు పదిసార్లు మింగిస్తారు. గొట్టం పొడవునా ఉన్న గ్రాహకాలు ప్రతి మింగుడుకూ ఎక్కడ ఎంత ఒత్తిడి పుట్టిందో రంగుల పటంగా గీస్తాయి. ఆ పటాన్ని బట్టి అకలేసియాను మూడు రకాలుగా విడదీస్తారు. రెండో రకం చికిత్సకు బాగా లొంగుతుంది, మూడోది మొండిది. నా దృష్టిలో మన ప్రాంతంలో లోపం పరీక్ష లేకపోవడం కన్నా, ఆ పరీక్షకు పంపాలన్న ఆలోచన రావడానికి ఏళ్ళు పట్టడమే. ఒక్క హెచ్చరిక మాత్రం మరువరాదు. వయసు మళ్ళినవారిలో కొద్ది నెలల్లోనే మింగుడు పడకపోవడం, బరువు వేగంగా తగ్గడం కలిసి వస్తే, కడుపు ముఖద్వారం దగ్గరి క్యాన్సర్ అచ్చం అకలేసియాలాగే కనిపించగలదు. అక్కడ ఆలస్యం పనికిరాదు.

చికిత్స చరిత్ర చాలా పాతది. 1674లో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ ఇలాంటి రోగి ఒకరికి తిమింగలపు ఎముక కొసన స్పాంజి కట్టి ఇచ్చాడు. ఆ రోగి ప్రతి భోజనం తరువాత దానితో తన ముద్దను తానే కడుపులోకి నెట్టుకుంటూ ఏళ్ళ తరబడి బతికాడు. 1913లో జర్మనీలో ఎర్నస్ట్ హెల్లర్ ద్వారం దగ్గరి కండరాన్ని నిలువుగా కోసే శస్త్రచికిత్స చేశాడు. బెలూను ఊది ద్వారాన్ని వెడల్పు చేసే పద్ధతి నేటికీ ఉంది. 2008లో జపానుకు చెందిన హరుహిరో ఇనోవే పొట్ట మీద గాటు లేకుండా నోటి ద్వారానే ఆ పని చేసి చూపించాడు. అన్నవాహిక లోపలి పొరకు చిన్న గాటు పెట్టి, పొరకూ కండరానికీ మధ్య సొరంగంలా దారి చేసుకుంటూ కడుపు దాకా వెళ్ళి, అక్కడి కండరాన్ని తెగ్గోసి, బయటికి వస్తూ గాటును క్లిప్పులతో మూసేస్తారు. ‘పోయెమ్’ అని పిలిచే ఈ పద్ధతిని పెద్ద సంఖ్యలో చేసి ఫలితాలను ప్రచురించిన కేంద్రాలలో హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఒకటి. అయితే ఏ పద్ధతిలోనైనా నశించిన నాడీకణాలు తిరిగి రావు. తలుపు తీసి ఉంచుతారు, ముద్ద తన బరువుకు తాను జారుతుంది, అంతే. తలుపు తీసి ఉంది కాబట్టి ఇప్పుడు ఆమ్లం పైకి ఎగదన్నవచ్చు. చికిత్సకు ముందు పనికిరాని అదే గ్యాస్ మాత్ర, చికిత్స తరువాత నిజంగానే అవసరం కావచ్చు.

పిల్లల విషయంలో ఒక్క మాట. ఏడ్చినా కన్నీళ్ళు రాని బిడ్డకు మింగడం కష్టంగా ఉంటే తల్లిదండ్రులు ఆ రెండింటినీ కలిపి డాక్టరుకు చెప్పాలి. ఆల్‌గ్రోవ్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యువ్యాధిలో కన్నీళ్ళు లేకపోవడం, అకలేసియా, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు చచ్చుబడటం, ఈ మూడూ జతకడతాయి. మూడోది గుర్తించకపోతే రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు లోపభూయిష్టమైన జన్యువులూ వస్తేనే ఈ వ్యాధి కలుగుతుంది కాబట్టి, మేనరికాలున్న మన కుటుంబాలలో దీన్ని కొంచెం ఎక్కువగా గుర్తుపెట్టుకోవాలి.

అకలేసియాకు సరిగ్గా తిరగబడిన బొమ్మ స్క్లెరోడెర్మాలో కనిపిస్తుంది. అక్కడ ద్వారం తెరుచుకోదు, ఇక్కడ మూసుకోదు. చర్మాన్నీ లోపలి అవయవాలనూ గట్టిపరిచే ఈ ఆటోఇమ్యూన్ వ్యాధి ఉన్నవారిలో 90 శాతం దాకా అన్నవాహిక ఎంతో కొంత దెబ్బతింటుంది. కింది భాగపు కండరం క్షీణించి అల ఆగిపోతుంది, ద్వారం వదులైపోతుంది. పైకి వచ్చిన ఆమ్లాన్ని కిందికి తోసే శక్తి గొట్టానికి ఉండదు కాబట్టి అది రాత్రంతా అక్కడే నిలిచి పొరను కాలుస్తుంది, కొంత ఊపిరితిత్తులలోకి కూడా జారుతుంది. ఈ వ్యాధికి దారి చూపేది కడుపు కాదు, చేతులు. చన్నీళ్ళలో చేయి పెడితే వేళ్ళు తెల్లగా పాలిపోయి, నీలమై, ఆ తరువాత ఎర్రబడతాయా? వేళ్ళ మీద చర్మం బిగిసి ఉంగరం తిరగడం లేదా? నోరు మునుపటిలా పెద్దగా తెరవగలుగుతున్నారా? గ్యాస్ అని వచ్చిన రోగిని ఈ మూడు ప్రశ్నలు అడగడానికి నిమిషం చాలు. ఇక్కడ ఆమ్లాన్ని తగ్గించే మాత్ర తప్పు కాదు, తరచుగా దీర్ఘకాలం వాడవలసినదే. వదులైన ద్వారాన్ని శస్త్రచికిత్సతో బిగించడమే ప్రమాదం. అల లేని గొట్టానికి కింద బిగింపు పెడితే మనమే ఒక అకలేసియాను తయారుచేసినట్టవుతుంది.

ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనే మరో వ్యాధిని సూటిగా ఆటోఇమ్యూన్ అనలేం. అది అలర్జీ కుటుంబానికి చెందినది. అలర్జీలలో పెరిగే ఇయోసినోఫిల్ అనే తెల్లకణానికి అన్నవాహిక పొరలో మామూలుగా చోటు లేదు. ఈ వ్యాధిలో సూక్ష్మదర్శిని కింద ఒక్క క్షేత్రంలో, అంటే ఒకసారికి కంటికి కనిపించే మేరలో, 15కు తగ్గకుండా కనిపిస్తాయి. 1990ల మొదట్లో దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించేదాకా ఆమ్లం వల్ల వచ్చిన వాపుగానే భావించారు. ఎక్కువగా యువకులలో, ఆస్తమాయో ఎగ్జిమాయో అలర్జీ తుమ్ములో ఉన్నవారిలో, మాంసం ముక్కో చపాతీ ముక్కో ఛాతీ మధ్యలో ఇరుక్కుపోయి ఆస్పత్రికి పరుగెత్తడంతో బయటపడుతుంది. గొట్టం లోపల ఉంగరాలు, నిలువు గాడులు కనిపిస్తాయి, కొందరిలో ఏమీ కనిపించవు. కాబట్టి కంటికి బాగున్నా లోపలి పొర పైనుంచీ కిందినుంచీ కనీసం ఆరు చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపాలి. చికిత్సలో ఒక విచిత్రం ఉంది. ఆస్తమాకు పీల్చే స్టెరాయిడ్ స్ప్రేనే ఇక్కడ పీల్చకుండా నోట్లో కొట్టుకుని మింగాలి, మందు గొట్టం గోడకు అంటుకునేలా ఆ తరువాత అరగంట నీళ్ళు కూడా తాగకూడదు. ఆమ్లాన్ని తగ్గించే మాత్రలే కొందరికి సరిపోతాయి. ఆహారంలో పాలు, గోధుమ, గుడ్డు, సోయా, గింజలు, చేపలు-రొయ్యల వంటివాటిలో ఏది కారణమో తేల్చుకుని మానేయడం మరో మార్గం. 2022 నుంచి అమెరికాలో డుపిలుమాబ్ ఇంజెక్షనుకు కూడా ఈ వ్యాధికి అనుమతి ఉంది.

అన్నవాహిక మొదట్లోనే, గొంతు దాటగానే, మరో అడ్డంకి ఏర్పడవచ్చు. దీర్ఘకాలంగా ఇనుము లోపించిన వారిలో, ముఖ్యంగా నడివయసు స్త్రీలలో, అక్కడ పలచని తెరలాంటి పొర అడ్డంగా పెరుగుతుంది. ప్లమ్మర్-విన్సన్ సిండ్రోమ్ అనే ఈ స్థితి సంపన్న దేశాలలో దాదాపు కనుమరుగైంది. 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన మన దేశంలో మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది. గోళ్ళు చెంచాల్లా గుంటపడటం, నాలుక నున్నబడటం, పెదవుల మూలలు చిట్లడం దీని తోడు లక్షణాలు. ఎండోస్కోపీ గొట్టం ఈ చోటును చూడకుండానే దాటిపోవచ్చు, దిగేటప్పుడే ఆ పలచని పొర చిరిగిపోవచ్చు, రిపోర్టులో ‘నార్మల్’ అని రావచ్చు. అనుమానం ఉన్నప్పుడు బేరియం మింగిస్తూ పక్కనుంచి తీసిన ఎక్స్‌రే చిత్రాలు నిజం చెబుతాయి. ఇనుము ఇస్తే చాలామందికి మింగుడు మెరుగవుతుంది, కొందరికి పొరను సాగదీయాలి. ఆ ప్రాంతంలో క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ తరువాత కూడా గమనిస్తూ ఉండాలి. అసలు ఇనుము ఎందుకు తగ్గిందన్న ప్రశ్న కూడా వెంటనే రావాలి. నెలసరిలో అధిక రక్తస్రావం, తిండి లోపం, నులిపురుగులు, ఇవన్నీ చూశాక, మాత్రలు ఎన్ని మింగినా హిమోగ్లోబిన్ పెరగని వారిలో చూడవలసిన చోట్లు రెండున్నాయి. ఒకటి జీర్ణాశయం, రెండోది దాని కిందనే ఉన్న చిన్నపేగు మొదలు.

జీర్ణాశయపు ఆటోఇమ్యూన్ వ్యాధిని అర్థం చేసుకోవడానికి ఒక విషయం గుర్తుంచుకుంటే చాలు. ప్యాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు కడుపులో ఆమ్లం ఊరించే కణాల మీది ‘ప్రోటాన్ పంపు’ను ఆపుతాయి. ఆటోఇమ్యూన్ గ్యాస్ట్రైటిస్‌లో రోగనిరోధక వ్యవస్థ గురిపెట్టేది కూడా సరిగ్గా అదే పంపును. మాత్ర ఆ పంపును కొద్దికాలం ఆపితే, వ్యాధి ఏళ్ళ మీద ఆ కణాలనే తుడిచిపెట్టేస్తుంది. అంటే ఈ రోగి కడుపులో ఆమ్లం దాదాపు ఉండదు. అయినా తిన్నది అరగనట్టు, పొట్ట బిర్రుగా ఉన్నట్టు అనిపిస్తుంది, ఆ బాధకు రోజూ ఆమ్లాన్ని తగ్గించే మాత్రే చేతికి వస్తుంది. లేని ఆమ్లాన్ని తగ్గించడానికి నెలల తరబడి మందు మింగే ఈ దుస్థితి నన్ను అన్నింటికన్నా ఎక్కువగా కలవరపెడుతుంది.

ఆమ్లం లేకపోతే తిండిలోని ఇనుము కరిగి ఒంటికి పట్టదు. అందుకే చాలామంది యువతులలో ఈ వ్యాధి మొదట మందుకు లొంగని ఇనుము లోపంగా కనిపిస్తుంది. ఆమ్లం ఊరించే కణాలే ‘ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్’ అనే ప్రోటీనును కూడా తయారుచేస్తాయి. చిన్నపేగు చివరన బీ12 విటమిన్ లోపలికి వెళ్ళాలంటే ఆ ప్రోటీను చేయి పట్టుకునే వెళ్ళాలి. శరీరానికి రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాములకు కాస్త పైన, కాలేయంలో నిల్వ ఉండేది మిల్లీగ్రాములలో. కాబట్టి ఆ నిల్వ తరిగి లోపం బయటపడటానికి ఏళ్ళు పడుతుంది. ఆ లోపంతో వచ్చే రక్తహీనతకే పెర్నీషియస్ అనీమియా, అంటే ప్రాణాంతక రక్తహీనత అని పేరు. ఆ పేరు పెట్టిన రోజుల్లో అది అక్షరాలా నిజం.

దాని మందు దొరికిన కథ కూడా వ్యాధి తీరును విప్పి చెబుతుంది. అమెరికాలో విప్పుల్, మైనాట్, మర్ఫీ అనే ముగ్గురు, కాలేయం తినిపిస్తే ఇలాంటి రక్తహీనత నయమవుతుందన్న పరిశోధనకు 1934లో నోబెల్ బహుమతి పొందారు. అంతకు కొద్దికాలం ముందే బోస్టన్‌లో విలియం కాసిల్ అనే వైద్యుడు తనకు తానే ఒక ప్రశ్న వేసుకున్నాడు: ఆరోగ్యవంతుడి కడుపు చేసే పని ఏది ఈ రోగి కడుపు చేయడం లేదు? దానికి జవాబు వెతుకుతూ తానే మాంసం తిని, కొంతసేపటికి కడుపులోంచి దాన్ని బయటికి తీసి, అరగనిచ్చి, గొట్టం ద్వారా రోగులకు ఇచ్చాడు. ఉత్త మాంసంతో లేవని ఎర్రకణాలు దీనితో లేచాయి. తిండిలో ఒకటి, కడుపులో ఒకటి, రెండూ కలిస్తేనే పని జరుగుతుందని అలా తేలింది. తిండిలోనిది బీ12 అని 1948లో రుజువైంది.

ఈ కథలోకి మన భీమవరం కూడా వస్తుంది. అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, పేగులను పాడుచేసి రక్తహీనత తెచ్చే స్ప్రూ వ్యాధికి సోదరులను పోగొట్టుకుని, ఆ వ్యాధికి మందు కనుక్కోవాలన్న పట్టుదలతో అమెరికా వెళ్ళారు. ఆయన నాయకత్వంలో లెడర్లీ మందుల సంస్థ పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూకు అది గొప్ప మందైంది. పెర్నీషియస్ అనీమియా రోగులకు ఇచ్చినప్పుడు కూడా రక్తం లేచింది కాని, నరాల జబ్బు ఆగలేదు, కొందరిలో ముదిరింది. ఈ పాఠం నేటికీ మందుల చీటీల మీద పనికివస్తుంది. బీ12 సంగతి చూడకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్త పరీక్ష చక్కబడుతుంది, లోపల వెన్నుపాము దెబ్బతింటూనే ఉంటుంది. అరికాళ్ళలో తిమ్మిర్లు, దూది మీద నడుస్తున్నట్టు ఉండటం, స్నానాల గదిలో కళ్ళు మూసి ముఖం కడుక్కుంటే తూలడం వంటివి కనిపించేసరికి ఆలస్యమైపోవచ్చు.

మన దేశంలో ఈ జీర్ణాశయపు ఆటోఇమ్యూన్ వ్యాధిని పట్టుకోవడం మరింత కష్టం కావడానికి ఒక కారణం ఉంది. శాకాహారులలో బీ12 తక్కువగా ఉండటం మామూలే కాబట్టి, రిపోర్టు చూడగానే ‘మాంసం తినరు కదా’ అని కొట్టిపారేస్తాం, ఇంజెక్షన్ల కోర్సు ఒకటి చేసి ఆపేస్తాం. కారణం తిండి అయితే అది సరిపోవచ్చు. కారణం కడుపు అయితే లోపం తప్పక తిరిగి వస్తుంది. మాంసం, చేపలు, గుడ్లు తినేవారిలో బీ12 తగ్గినా, ఇంజెక్షన్లు ఆపిన కొన్నాళ్ళకు మళ్ళీ తగ్గినా, థైరాయిడ్ జబ్బో బొల్లో టైప్ 1 మధుమేహమో ఇప్పటికే ఉన్నా, ఆమ్లం ఊరించే కణాల మీద యాంటీబాడీలు ఉన్నాయేమో చూడాలి. ఆటోఇమ్యూన్ వ్యాధులు ఒంటరిగా తిరగవు. ఎండోస్కోపీ చేసేటప్పుడు కూడా ఒక మెలకువ కావాలి. పైలోరీ బ్యాక్టీరియా సాధారణంగా జీర్ణాశయపు కింది భాగం నుంచి మొదలుపెడుతుంది. ఈ వ్యాధి ఆ భాగాన్ని వదిలేసి పైభాగాన్ని పాడుచేస్తుంది. కింది నుంచి మాత్రమే ముక్క తీస్తే అది బాగానే ఉంటుంది. పై ముక్కలు, కింది ముక్కలు వేర్వేరు సీసాలలో, పేరు రాసి పంపితేనే పాథాలజిస్టుకు తేడా తెలుస్తుంది. ఆమ్లం లేదని గ్రహించిన శరీరం, ఆమ్లం ఊరించమని పురమాయించే గ్యాస్ట్రిన్ హార్మోనును అదేపనిగా పెంచుతూ పోవడం వల్ల కొందరి జీర్ణాశయంలో చిన్న కణుతులు కూడా లేస్తాయి. అవి ఎక్కువగా నెమ్మదైనవే అయినా అప్పుడప్పుడు చూపించుకోవాలి.

ఇక చిన్నపేగు మొదలు. సీలియాక్ వ్యాధిలో గోధుమ, బార్లీ, రై గింజలలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీనుకు రోగనిరోధక వ్యవస్థ ప్రతిస్పందించి, పేగు లోపల తివాచీ నూలులా నిలబడి ఉండే సన్నని మొనలను అరగదీస్తుంది. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది ఇక్కడే. హాలండు పిల్లల వైద్యుడు విలెమ్ డికె గోధుమ మానేస్తే ఈ పిల్లలు కోలుకుంటున్నారని ముందునుంచే అనుమానించాడు. రెండో ప్రపంచయుద్ధం చివరి చలికాలపు కరువులో రొట్టె దొరకనప్పుడు వారు తేరుకోవడం, రొట్టె తిరిగి వచ్చాక మళ్ళీ పడిపోవడం ఆ అనుమానాన్ని బలపరిచాయి. విరేచనాలు లేకుండా కేవలం రక్తహీనత, ఎముకల బలహీనత, నోటిపూతలతో మాత్రమే బయటపడే పెద్దవాళ్ళు చాలామంది ఉంటారు.

మన దేశంలో 2016లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం ప్రకారం ఈ వ్యాధి ఉత్తరాదిలో 1.23 శాతం, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో ఉంది. జన్యుపరమైన అనుకూలత దక్షిణాదిలో తక్కువేమీ కాదు, తేడా ప్రధానంగా కంచంలో ఉంది. షుగరు పేరుతో రాత్రి అన్నం మాని చపాతీకి మారుతున్న మన ఇళ్ళలో ఈ అంకె ఇలాగే ఉంటుందని అనుకోవడానికి లేదు. అనుమానం వస్తే రక్తంలో ట్రాన్స్‌గ్లుటామినేజ్ యాంటీబాడీ పరీక్ష చేయించాలి, ఆ తరువాత చిన్నపేగు మొదటి భాగం నుంచి నాలుగుకు తగ్గకుండా ముక్కలు తీయించాలి. పరీక్షకు ముందే సొంతంగా గోధుమ మానేయడం పెద్ద పొరపాటు. యాంటీబాడీలు తగ్గి, పేగు కొంత మాని, జవాబు తారుమారవుతుంది.

తేలాక మందు అంటూ వేరే లేదు, గ్లూటెన్‌ను జీవితాంతం పూర్తిగా మానడమే. అన్నం తినే తెలుగువారికి ఇది పంజాబు వారికన్నా సులువే, అయినా వంటింట్లో దాగుడుమూతలుంటాయి. ఇడ్లీ రవ్వ బియ్యానిది, తినవచ్చు. ఉప్మా రవ్వ గోధుమది, తినకూడదు, రవ్వ దోసెలోకి వెళ్ళేదీ అదే. బొబ్బట్లు, పూరీలు, సేమియా పాయసం, బిస్కట్లు అన్నీ పోతాయి. అందరూ మరచిపోయేది ఇంగువ. బజారులో దొరికే కూటు ఇంగువ పొడిలో చాలావాటికి మైదాయో గోధుమ పిండో కలిపి ఉంటుంది. పప్పులో, పులిహోరలో, చారులో, పచ్చడి పోపులో చిటికెడు చొప్పున రోజూ పడుతూ ఉంటే, చపాతీ మానిన రోగికి యాంటీబాడీలు ఎందుకు తగ్గడం లేదో ఎవరికీ అంతుపట్టదు. డబ్బా మీది పదార్థాల జాబితా చదివి, బియ్యప్పిండితో చేసినదో, కలుపు లేని ముద్ద ఇంగువో తెచ్చుకోవాలి. ఇంట్లో ఒకరికి ఈ వ్యాధి తేలితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు కూడా, ఏ బాధా లేకపోయినా, ఒకసారి రక్త పరీక్ష చేయించాలి. ఈసారి ‘లేదు’ అని వచ్చినా అది జీవితాంతానికి హామీ కాదు, కొన్నేళ్ళకు తిరగబడవచ్చు. అనుకూల జన్యువులే లేవని జన్యుపరీక్షలో తేలినవారికి మాత్రం మళ్ళీ మళ్ళీ చేయించవలసిన పని ఉండదు.